స్టాండు వేయని సైకిలు

మా ఊళ్ళో చాలాకాలం ఎవరూ సైకిలుకు స్టాండు వేసేవారు కాదు. కొబ్బరి చెట్టుకో గోడకో ఆనించేవారు. ఏదీ దొరక్కపోతే పక్కనున్న మనిషి చేతికిచ్చి కాస్త పట్టుకోమనేవారు. పలాస నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఇది చూసి, ఈ ఉద్దానం వాళ్ళకి స్టాండు వేయడం కూడా రాదా అని నవ్వుకునేవారు. ఒకసారి ఎవరింటికో వచ్చిన కొత్త అల్లుడు తెలియక వీధి మధ్యలో ఠంగుమని స్టాండు వేశాడు. నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఒక్కసారే గుమ్మాల్లోకి వచ్చేశారు. ఒకావిడ చేతిలో చేట అలాగే ఉంది. ఇంకొకావిడ చేతిలో పాలగిన్నె ఒలికిపోతున్నా చూసుకోలేదు. తను ఏం తప్పు చేశాడో ఆ అబ్బాయికి అర్థం కాలేదు. వాళ్ళ మామగారు గబగబా వచ్చి సైకిలు తీసి చెట్టుకు ఆనించి, "ఏటీ నేదు, మా అల్లుడు" అని వీధంతా వినబడేలా చెప్పాడు.

ఈ భయం మాకు మా మాస్టారి వల్ల వచ్చింది. మాస్టారంటే మాకు ప్రాణం. రెండూ నిజమే.

ఆయనది టెక్కలి. నేను నాలుగో తరగతిలో ఉండగా మా బడికి వచ్చారు. అంతకుముందు వచ్చిన మాస్టార్లు పలాస నుంచి మొదటి బస్సులో దిగి, తిరుగు బస్సు హారను వినబడగానే చాక్‌పీసు కింద పెట్టేసేవారు. ఈయన మాత్రం మా వీధి చివర రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని భార్యతో సహా దిగిపోయారు. ఆవిడని మేం అమ్మగారు అనేవాళ్ళం. ఆదివారం ఇద్దరూ టెక్కలి చర్చికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేవారు. మిగతా ఆరు రోజులూ ఆయన మా సొత్తే. లెక్కలు జీడిపిక్కలతో చెప్పేవారు. జవాబు సరైతే పిక్క మాది, తప్పయితే ఆయనది. ఏడాది చివరికి ఆయన సంచి నిండిపోయింది, మా తెలివి అలాంటిది. ఆ పిక్కలన్నీ అమ్మగారు కాల్చి మాకే పెట్టారు.

ఆడపిల్లలకు సైకిలు నేర్పింది కూడా ఆయనే. తన సొంత సైకిలు, మధ్యలో అడ్డ కమ్మీ ఉన్న పాత బరువైన బండి, బడి మైదానంలోకి తెచ్చి మమ్మల్ని ఎక్కించేవారు. నేను పుట్టు పిరికిదాన్ని. పిడుగు పడితే మంచం కిందికి, కుక్క మొరిగితే అమ్మ వెనక్కి చేరేదాన్ని. ఆ సైకిలెక్కి ఎంత ఏడ్చానో మా ఈడు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మాస్టారు సీటు వదలకుండా పట్టుకుని పరిగెత్తుతూ, "ఏడిత్తే ఏడువమ్మా, తొక్కడం మాత్రం ఆపకు" అనేవారు.

తుపాను వస్తే పాకల్లో వాళ్ళందరినీ బడిలోకి తోలి గంజి కాయించేవారు. అర్జీలు రాసేవారు. కానీ ఆయన జీవితాన్ని తినేసింది, మా ఊరి జీవితాన్ని తినేసిన ఆ జబ్బే. అది పట్టినవాళ్ళకి కాళ్ళు పొంగేవి, మొహం ఉబ్బేది, అన్నం వాసనకే వాంతి వచ్చేది. కిడ్నీలు పోయాయని తెలిసేసరికి మనిషి మంచానికి అతుక్కుపోయి ఉండేవాడు. నీళ్ళ వల్ల అన్నారు, మందుల వల్ల అన్నారు, మట్టి వల్ల అన్నారు. ఎందుకొస్తోందో తెలియని జబ్బుతో పెద్ద చిక్కు ఏమిటంటే, దేనికి భయపడాలో తెలియక అన్నిటికీ భయపడతాం. నేనైతే గ్లాసులో నీళ్ళని వెలుతురుకి పట్టి చూసుకుని తాగేదాన్ని. ఏం కనబడుతుందనో.

పైగా జబ్బుకన్నా పరీక్షకే ఎక్కువ భయం. పరీక్ష చేయించుకుంటేనే జబ్బు వస్తుందని మా నాన్న గట్టి నమ్మకం. ఊళ్ళో సగం మందికి అదే నమ్మకం, ఎందుకంటే కాశీబుగ్గ వెళ్ళి రక్తం ఇచ్చినవాళ్ళే తర్వాత పోతున్నారు మరి. మాస్టారు ఇల్లిల్లూ తిరిగి బతిమాలేవారు. ముందే తెలిస్తే మందులతో కొన్నేళ్ళు ఆపొచ్చు, ఒళ్ళు నొప్పుల గోళీలు మానేస్తే ఇంకొన్నేళ్ళు ఆపొచ్చు అనేవారు. కిరాణా కొట్లో బఠాణీల్లా అమ్మే ఆ నొప్పుల గోళీలంటే ఆయనకి ఒళ్ళు మంట. కొబ్బరి దింపేవాళ్ళు, జీడితోటల్లో చేసేవాళ్ళు రోజుకొకటి మింగనిదే పనిలోకి వెళ్ళేవారు కాదు. ఎవరి జేబులోనైనా కనబడితే లాక్కుని పారేసేవారు.

చివరికి నలుగురైదుగురు చొప్పున ఆయన వెంట వెళ్ళడం మొదలుపెట్టారు. గురువారం బస్సులో కాశీబుగ్గ తీసుకెళ్ళి రక్తం ఇప్పించేవారు. శనివారం ఆయనొక్కరే వెళ్ళి పరీక్ష ఫలితాల చీటీలు తెచ్చి ఎవరిది వాళ్ళకి ఇచ్చేవారు. మొదట్లో ఒక కొబ్బరి దింపే అతని చీటీ చెడ్డగా వచ్చింది. మాస్టారు వాళ్ళింటి ముందు సైకిలు ఆపి, స్టాండు వేసి, లోపలికి వెళ్ళి చాపమీద కూర్చుని, "కాసిన్ని మంచినీల్లు ఇయ్యమ్మా" అన్నారట. గ్లాసుడు నీళ్ళూ తాగాక అప్పుడు చెప్పారట. అదే పద్ధతైపోయింది. చీటీ బాగుంటే సైకిలు దిగకుండానే కంచె మీంచి కేకేసి చెప్పి వెళ్ళిపోయేవారు. బాగోకపోతే స్టాండు వేసి, కూర్చుని, నీళ్ళు తాగి చెప్పేవారు. అప్పట్లో జబ్బు సంగతి అడగడానికి వచ్చిన ఆఫీసర్లు జీపులో సీసాలు తెచ్చుకుని మా నీళ్ళు ముట్టుకునేవారు కాదు. ఈయన అడిగి మరీ, చివరి చుక్క దాకా తాగేవారు. అందుకే ఆ ఇళ్ళవాళ్ళు ఆయన మీద ఎప్పుడూ కోపం పెంచుకోలేదు.

కానీ శనివారం సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా చెవులప్పగించి కూర్చునేది. రేడియోలు కట్టేసేవారు. గొలుసు కవరుకి రాసుకుంటూ వచ్చే ఆ సైకిలు చప్పుడు మలుపు తిరగగానే నేను తలుపు చాటుకి చేరేదాన్ని. ఎవరి ఇంటి ముందైనా చప్పుడు ఆగితే ఊపిరి బిగబట్టేవాళ్ళం. కేక వినబడితే బతికిపోయారనుకునేవాళ్ళం.

మా నాన్న రక్తమివ్వడానికి ఒప్పుకునేసరికి నేను ఇంటర్ చదువుతున్నాను. "నాకేటి రోగం, రాయినాగున్నాను" అని రెండేళ్ళు తప్పించుకున్న మనిషి, మా పెదనాన్న పోయాక మెత్తబడ్డాడు. ఆ శనివారం మాస్టారి సైకిలు మా ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఠంగుమని స్టాండు పడింది. నాన్న లేచి, పెరటి తలుపు తీసుకుని, జీడితోటలోకి వెళ్ళిపోయాడు. అమ్మ గ్లాసుతో నీళ్ళు ముంచుకుని వచ్చింది. గుమ్మంలో మాస్టారు రెండు చేతులకీ నల్లటి గ్రీజుతో నిలబడి ఉన్నారు.

"ఓ గుడ్డముక్క ఉంటే ఇయ్యమ్మా, గొలుసు పడిపోయింది" అన్నారు.

అమ్మ గుడ్డ ఇవ్వలేదు. నీళ్ళ గ్లాసు చాచి, "సెప్పెయ్యండి బాబూ" అంది.

మాస్టారు గ్లాసు వైపు చూశారు, వెనక్కి తిరిగి సైకిలు వైపు చూశారు. అప్పుడు అర్థమైంది ఆయనకి. మొహం పాలిపోయింది. "అయ్యో తల్లీ, బాగుంది, మీ ఆయన చీటీ బాగుంది" అని గ్రీజు చేతులతోనే దణ్ణం పెట్టారు. మా నాన్నని వెతికి తీసుకురావడానికి గంట పట్టింది. తోటలో ఒక చెట్టు మొదట్లో చెవులు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా గీరుకుపోయి ఉంది. బాగుందని మేం ముగ్గురం చెప్పినా చాలాసేపు నమ్మలేదు.

ఆ రోజు నుంచి మాస్టారు చెడ్డ చీటీ చెప్పే ఆ ఒక్క పనికి తప్ప ఇక దేనికీ స్టాండు వేయలేదు. బడి దగ్గర గోడకి, కొట్టు దగ్గర స్తంభానికి ఆనించేవారు. ఆయన్ని చూసి ఊరంతా అదే నేర్చుకుంది.

డిగ్రీ మధ్యలో మానేసి నేను అదే బడిలో విద్యావాలంటీరుగా చేరాను. మాస్టారి పక్క బల్లే నాది. చీటీ మీద క్రియాటినిన్ అంకె ఎలా చూడాలో అప్పుడే నేర్పారు. ఒకటి, ఒకటిన్నర లోపుంటే పర్లేదు, దాటితే కష్టం. ఆ నేర్చుకోవడం నా ప్రాణానికొచ్చింది. ఒకరోజు ఆయన చెప్పులు విప్పి బల్ల కింద పెట్టినప్పుడు, పాదం మీద పట్టీ పడిన చోట గుంటలు కనిపించాయి. గంట తర్వాత చూసినా గుంటలు అలాగే ఉన్నాయి. మా పెదనాన్న కాళ్ళకీ అలాగే పడేవి. మీరూ ఒకసారి రక్తం ఇవ్వండి మాస్టారూ అన్నాను. "సూద్దాంలేమ్మా" అన్నారు. నెలరోజులు అన్నాను, నెలరోజులూ అదే మాట. అందరికీ చెప్పే మనిషి తన దగ్గరికొచ్చేసరికి మా నాన్నలాగే తయారయ్యారు.

చివరికి ఒక కొబ్బరి దింపే ముసలాయన అడ్డం తిరిగి కూర్చోవడంతో పని జరిగింది. "మీరు ముందు సెయ్యి సాపండి మేష్టరుగోరూ, తరవాత నాను సాపుతాను" అన్నాడు. పదిమందిలో ఆ మాట అనేసరికి మాస్టారు నవ్వి చేయి చాపారు.

ఆ శనివారానికి ఆయన మోకాలు వాచి నడవలేకపోయారు. చీటీలు నన్ను తెమ్మన్నారు. ఆయన సైకిలు మీద రోడ్డు దాకా వెళ్ళి, టీకొట్టు గోడకి ఆనించి, బస్సెక్కి కాశీబుగ్గ వెళ్ళాను. ల్యాబులో కుర్రాయన ఆరు చీటీలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇచ్చాడు. అన్నిటికన్నా కిందది బోర్లించి ఉంది. నా మొహంలోకి చూడలేదు.

బస్సులో నా పక్కన చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. ఏవో కబుర్లు చెబుతోంది. నేను ఐదు చీటీలు చూశాను. ఐదూ బాగున్నాయి, ముసలాయనది కూడా. ఆరోది తిప్పాను. పేరు మాస్టారిది. అంకె నాలుగు దాటి ఉంది. రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. చెవుల్లో హోరు తప్ప ఏం వినబడలేదు. "ఏటైంది గుంటా, ఒల్లంతా సెమట్లు పట్టీసింది" అని ఆవిడ తన కొంగుతోనే నా మొహం తుడిచింది. మొహమంతా చేపల వాసన. బస్సు ఎక్కడా ఆగకుండా ఇచ్ఛాపురం దాకా పోతే బాగుండనుకున్నాను.

ఐదిళ్ళ ముందూ సైకిలు దిగకుండా కేకేశాను. ముసలాయన రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దణ్ణం పెట్టాడు. ఇంక ఒక్క ఇల్లే మిగిలింది.

మాస్టారు వసారాలో కుర్చీ మీద కూర్చుని, మోకాలికి వేడిచేసిన ఆముదపాకు కట్టుకుని ఉన్నారు. అమ్మగారు లోపల పాట పాడుకుంటూ పిండి కలుపుతున్నారు. నేను ఒక కాలు నేల మీద పెట్టి, సైకిలు మీదే ఉండిపోయాను. దిగాలి. స్టాండు వేయాలి. కుడికాలు కమ్మీ మీంచి ఇవతలికి తిప్పితే చాలు. తిప్పలేకపోయాను.

"ఏటమ్మా, అందరివీ ఇచ్చీసినావా?" అన్నారు.

"ఇచ్చీసినానండి. అందరివీ బాగున్నాయి" అన్నాను. అక్కడితో ఆగలేదు. "మీది కూడా."

చీటీ ఏదని అడిగారు. సంచిలో ఎక్కడో కలిసిపోయింది, బడిలో ఇస్తానని చెప్పి తొక్కుకుంటూ వచ్చేశాను. వెనక నుంచి అమ్మగారి గొంతు వినబడింది, "దేవుడు సల్లగా సూసినాడు" అని. ఇంటికొచ్చి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళాను. చీటీ తీసి, ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత పేపరు కింద దాచాను. కనబడకపోతే అది ఉండదన్నట్టు. చదువుకున్నదాన్ని, పిల్లలకి చదువు చెబుతున్నదాన్ని, పరీక్షవల్లే రోగం వస్తుందనే మా నాన్నని వెక్కిరించినదాన్ని.

ఆదివారం వాళ్ళిద్దరూ టెక్కలి వెళ్ళి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని వచ్చారు. అమ్మగారు నాకని కేకు ముక్క పంపించారు. అది నోట్లో పెట్టుకుంటే ఇసకలా తగిలింది. సోమవారం చీటీ ఇంట్లో మర్చిపోయానన్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతోంది. మాస్టారు కుర్చీలోంచి లేచినప్పుడల్లా, దగ్గినప్పుడల్లా, నేను ఆయన పాదాల వైపే చూసేదాన్ని. ఏమైందే అని అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటున్నారు. మాస్టారు మోకాలు పట్టుకుని మూలుగుతూ బల్ల దగ్గరకొచ్చారు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశారు. విప్పితే రెండు గోళీలు. కిరాణాకొట్టు నొప్పుల గోళీలు.

నేను చూస్తున్నానని గమనించి, దొంగతనం చేస్తూ దొరికినట్టు నవ్వారు. "నాది బాగుందన్నావు కదమ్మా. ఒక్కదానికి ఏటవుద్ది? నొప్పి బరించలేకపోతన్నాను" అన్నారు. గోళీ నోటి దాకా తీసుకెళ్ళారు.

నేను ఆయన చేతి మీద కొట్టాను. నాకు అక్షరాలు దిద్దించిన చేయి. గోళీ ఎగిరి ఎక్కడో పడింది, గ్లాసు కిందపడి దొర్లుకుంటూ పిల్లల మధ్యకి పోయింది. ముద్దలు నోట్లో పెట్టుకుని పిల్లలందరూ అలాగే చూస్తున్నారు.

మాస్టారు మెల్లగా కుర్చీలో కూర్చుని, "మరి స్టాండెందుకెయ్యనేదమ్మా?" అన్నారు.

"భయమేసిందండి" అన్నాను. ఆ తర్వాత ఏడుపే.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నాకూ భయమేనమ్మా" అన్నారు. "ప్రతి శనివారమూ భయమే. ఆళ్ళ గుమ్మంలోకెల్లేసరికి నాలిక పిడచకట్టుకుపోయేది. మాట పెగిలేది కాదు. అందుకే నీల్లడిగేవోడిని." అంకె ఎంతని అప్పుడు అడిగారు. చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ తల ఊపారు. కాసేపటికి, "మీ అమ్మగారికి నేను సెప్పలేను. సాయంత్రం చీటీ పట్టుకుని ఇంటికి రా. ఎలా సెప్పాలో నీకు తెలుసు కదా" అన్నారు.

ఆ సాయంత్రం గురించి చెప్పాక నేనింకేమీ చెప్పలేను. అందుకే తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తున్నాను. మాస్టారు ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు. మందులతో కొన్నాళ్ళు, ఆపైన పలాస నుంచి విశాఖ రైలెక్కి రక్తం శుద్ధి చేయించుకుంటూ కొన్నాళ్ళు. తన జబ్బు ఎవరి దగ్గరా దాచలేదు. గురువారం బస్సులో ముందు సీటులో కూర్చుని, "నేను ముందే సెయ్యి సాపి ఉంటే ఇంకా బాగుండేది, మీరు ఆలస్యం సెయ్యకండి" అని అందరికీ చెప్పేవారు. ఆయన మాట మీద ఎంతోమంది వెళ్ళారు. చీటీలు తెచ్చే పని నాదైంది. ఆయన పోయిన రోజు సైకిళ్ళన్నీ ఊరి బయట చెట్లకి ఆనించి, జనం కాలినడకన వచ్చారు. నా భయం మాత్రం ఏ శనివారమూ తగ్గలేదు.

ఆ మంగళవారం సాయంత్రం చీటీ జాకెట్టులో పెట్టుకుని, శనివారం నుంచీ నా దగ్గరే ఉండిపోయిన మాస్టారి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. మంగళవారం కాబట్టి వీధిలో ఎవరూ ఎదురుచూడటం లేదు. పిల్లలు ఆడుకుంటున్నారు, ఎక్కడో రేడియో మోగుతోంది. మాస్టారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, నా వైపు చూడకుండా. సైకిలు వాళ్ళ గుమ్మం ముందు ఆపాను. రెండు చేతులతో వెనక్కి లాగి, కాలితో తన్ని, స్టాండు వేశాను.

ఆ చప్పుడుకి రేడియో ఆగిపోయింది. ఎదురింటావిడ బయటికొచ్చింది, పక్కింటావిడ వచ్చింది. మా నాన్న ఎక్కడి నుంచో పరిగెత్తుకుంటూ వచ్చి, ఏ ఇంటి ముందుందో చూసి, అక్కడే నేల మీద చతికిలబడిపోయాడు.

నేను వసారాలో చాప మీద కూర్చున్నాను. నీళ్ళు అడుగుదామంటే నోరు పెగల్లేదు. తల ఎత్తేసరికి అమ్మగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను అడక్కుండానే చేతిలో నిండు గ్లాసు ఉంది. అందుకున్నాను. చివరి చుక్క దాకా తాగాను. నోరింకా ఎండిపోయే ఉంది.

"అమ్మగారూ" అన్నాను.